విషం దిగిపోయిందన్నాక మొదలయ్యే హాని

గుణుపురం పక్క పల్లెలో పత్తి వేసే ఒక సోదరుడు అడిగిన ప్రశ్నకు ఇది నా సమాధానం. వారి బావగారు రెండు రోజులు వరుసగా పత్తికి పురుగుమందు కొట్టారు. రెండో రోజు సాయంత్రానికి నోటి వెంట చొంగ, ఒళ్ళంతా చెమట, ఆగని వాంతులతో పొలం గట్టు మీద పడిపోయారు. ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉంచుకుని, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు బాగానే ఉన్నాయని చెప్పి ఇంటికి పంపించారు. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది. పిక్కలు పీకుతున్నాయట, పాదాలు మొద్దుబారాయట, కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదట. విషం ఎప్పుడో దిగిపోయినప్పుడు ఈ బాధ ఎక్కడి నుంచి వచ్చింది, అసలు ఒక్కో విషం ఒక్కో అవయవాన్నే ఎందుకు పట్టుకుంటుంది అని వారు అడిగారు.

ముందు తొందరగా చేయవలసిన పని చెబుతాను. మీ బావగారిని ఈ వారంలోనే నరాల వైద్యుడు ఉన్న ఆసుపత్రికి, బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికో విశాఖపట్నం కేజీహెచ్‌కో తీసుకువెళ్ళండి. కొట్టిన మందు డబ్బా గానీ, దాని మీది కాగితం గానీ, కనీసం ఫోనులో తీసిన ఫొటో గానీ వెంట పట్టుకెళ్ళండి. మీరు చెప్పిన లక్షణాలు ఆర్గానోఫాస్ఫరస్ జాతి పురుగుమందులు ఆలస్యంగా కలిగించే నరాల జబ్బును తలపిస్తున్నాయి. అయితే చక్కెర జబ్బు, బీ12 విటమిన్ లోపం, గీయన్-బారే అనే మరో నరాల జబ్బు కూడా ఇలాగే మొదలవుతాయి కాబట్టి, మనిషిని చూసి పరీక్షించిన వైద్యుడే తేల్చాలి. ఒకవేళ బలహీనత పాదాల నుంచి తొడల వైపు రోజురోజుకూ పైకి పాకుతున్నా, మింగడం గానీ ఊపిరి తీయడం గానీ కష్టమైనా, వారం ఆగకూడదు. ఆ పూటే 108కి ఫోను చేయాలి.

ఇక మీ అసలు ప్రశ్న. నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, వైద్యుడినై, రాయగడ, గజపతి, గంజాం జిల్లాల ఆసుపత్రులలో 30 ఏళ్ళకు పైగా పనిచేశాను. వానలు పడి పత్తి ఎదిగే నెలలలో పురుగుమందు కేసు రాని వారం ఉండేది కాదు. మూడో రోజు రోగి లేచి కూర్చుని గంజి తాగగానే ఇంటివాళ్ళు నన్ను అడిగే మాట ఒక్కటే: "విషం దిగిపోయినట్టేనా, బాబూ?" ఆ మాటలో ఒక నమ్మకం దాగి ఉంది. విషం ఒంట్లో ఉన్నంతసేపే హాని, అది వాంతి ద్వారానో మూత్రం ద్వారానో పోతే హాని కూడా దానితోపాటే పోతుందని ఆ నమ్మకం. తేలు కుట్టిన మంట విషయంలో అది చాలావరకు నిజమే. కానీ మన ఇళ్ళలో, పొలాలలో ఉండే చాలా విషాల విషయంలో అది నిజం కాదు. విషం శరీరంలో ఉండే కాలం వేరు, అది చేసిన గాయం పండి బయటపడే కాలం వేరు. ఆ రెండో కాలం ఒక్కో అవయవానికి ఒక్కో విధంగా ఉంటుంది.

పురుగుమందు లోపలికి వెళ్ళే దారితో మొదలుపెడతాను. మందు కొట్టేవాడు దాన్ని తాగడు కదా, మరి ఎలా ఎక్కిందని చాలామంది ఆశ్చర్యపోతారు. చర్మం గోడ వంటిదని మన ఊహ. నిజానికి ఒంటి మీద ఒక్కోచోట చర్మం ఒక్కో మందాన ఉంటుంది. పారాథియాన్ అనే పురుగుమందుతో మనుషుల మీదే చేసిన పాత పరీక్షలలో, ముంజేతి మీద పూసినప్పుడు పదో వంతుకన్నా తక్కువే లోపలికి వెళితే, వృషణాల తిత్తి మీద పూసినప్పుడు దాదాపు మొత్తం లోపలికి వెళ్ళింది. వీపున పంపు కట్టుకున్నప్పుడు మూత దగ్గర కారే మందు నడుము మీదుగా లుంగీలోకి, నిక్కరులోకి దిగి తడిపేది సరిగ్గా ఆ చోటునే. చెమట పట్టిన చర్మం ఇంకా వేగంగా పీల్చుకుంటుంది. మధ్యాహ్నం అదే తడిబట్టతో గట్టు మీద కూర్చుని అన్నం తిని, మళ్ళీ సాయంత్రం దాకా కొడితే, మనిషి రోజంతా విషంలో నానినట్టే.

లోపలికి వెళ్ళిన ఆర్గానోఫాస్ఫరస్ మందు ఏం చేస్తుంది? మన నరం కండరానికి పని చెప్పాలంటే చివర అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. పని చెప్పిన మరుక్షణం దాన్ని తుడిచివేయడానికి కోలినెస్టరేజ్ అనే ఎంజైము అక్కడే కాచుకుని ఉంటుంది. పురుగుమందు ఆ ఎంజైమును పట్టుకుని కట్టివేస్తుంది. తుడిచేవాడు లేక ఆజ్ఞ ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే కంటిపాప సూదిమొనంత అవుతుంది, చొంగ, కన్నీరు, చెమట కారతాయి, కడుపు మెలిపెడుతుంది, ఊపిరితిత్తులలోని గొట్టాలు సొంత నీటితోనే నిండిపోతాయి, గుండె నెమ్మదిస్తుంది. ఇది మొదటి దెబ్బ, గంటలలో తెలుస్తుంది. దీనికి అట్రోపిన్ ఉంది. మా ఆసుపత్రులలో ఎన్నో వందల ప్రాణాలను నిలబెట్టిన మందు అది.

కానీ అట్రోపిన్ తుడిచేవాడిని తిరిగి తీసుకురాదు. చొంగను, ఊపిరితిత్తుల నీటిని ఆరబెడుతుంది, గుండెను నిలుపుతుంది, అంతే. నరం వచ్చి కండరాన్ని కలిసే చోట దాని ప్రభావం లేదు. అందువల్ల మొదటి రోజు గడిచి, అందరూ కుదుటపడ్డాక, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల కొందరు రోగులు తలగడ మీది నుంచి తల ఎత్తలేకపోతారు. మెడ బలం పోవడం ఆ రెండో దెబ్బకు తొలి గుర్తు. తరువాత ఊపిరి తీసే కండరాలు అలిసిపోతాయి. మేము రోజూ ఉదయం ఇలాంటి రోగులందరినీ తల ఎత్తి చూపించమని అడిగేవాళ్ళం. ఎత్తలేని మనిషిని వెంటనే కృత్రిమ శ్వాస ఉన్న చోటుకు పంపేవాళ్ళం. మాటకు సమాధానం చెబుతున్నాడు, గంజి తాగుతున్నాడు అని మూడో రోజున ఇంటికి తీసుకుపోతామని పట్టుబట్టే బంధువులకు ఈ మెడ సంగతి చెప్పి ఆపడమే నా ఉద్యోగంలో కష్టమైన పని.

మూడో దెబ్బే మీ బావగారిది కావచ్చునని నా అనుమానం. ఈ జాతి మందులలో కొన్ని నరాలలోనే ఉండే ఇంకొక ఎంజైమును కూడా శాశ్వతంగా పాడుచేస్తాయి. అది పోయాక నరపు తీగ తన చివరి కొసను పోషించుకోలేదు. వెన్ను నుంచి పాదం వరకు వెళ్ళే నరం ఒంట్లో అన్నిటికన్నా పొడుగు కాబట్టి, ముందుగా వడిలిపోయేది దాని కొసే. అందుకే పాదాలు ముందు, చేతులు తరువాత. అది వడిలి బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అప్పటికి రక్తంలో మందు జాడే ఉండదు. 1988లో కలకత్తాలోని బెహాలాలో కల్తీ వంటనూనె తిన్న వందల మందికి కాళ్ళు పడిపోయినది ఈ రకం దెబ్బతోనే. ఆ నూనెలో కలిసింది పురుగుమందు కాకపోయినా అదే రసాయన కుటుంబానికి చెందిన పదార్థం. దీనికి విరుగుడు సూది లేదు. కాళ్ళకు వ్యాయామం చేయించడం, పాదం జారకుండా పట్టీ వాడటం, నెలల తరబడి ఓపిక పట్టడం తప్ప వేరే దారి లేదు. చాలామందికి కొంత బలం తిరిగి వస్తుంది.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. కట్టుబడిపోయిన కోలినెస్టరేజ్ తిరిగి పూర్తిగా రావడానికి వారాలు కాదు, నెలలే పట్టవచ్చు, ఎందుకంటే ఎర్ర రక్తకణాలలోని ఆ ఎంజైము కొత్త కణాలు పుడితే గానీ తిరిగి రాదు, ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. కాబట్టి మీ బావగారు ఈ పంట కాలంలో మళ్ళీ పంపు పట్టుకోకూడదు. పోయినసారి తట్టుకున్న మోతాదునే ఈసారి తట్టుకోలేరు. 2017లో మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోయి, వందలమంది ఆసుపత్రుల పాలైనప్పుడు, వాళ్ళలో ఎక్కువమంది కూలికి మందు కొట్టేవాళ్ళు. అంటే, ఈ రోజు ఒక చేనులో, రేపు మరొక చేనులో, ఎంజైము కోలుకునే సందు ఇవ్వకుండా కొట్టేవాళ్ళు. ఆ ఏడాది మొక్కలు మనిషి ఎత్తు పెరగడంతో మందు మొహం మీదకే వచ్చింది. మన గుణుపురం, రామనగుడ, పద్మపురం వైపు కూడా కూలికి కొట్టే కుర్రవాళ్ళే ఎక్కువ. వాళ్ళ గురించి నాకు బెంగ.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు వస్తాను. ఒక్కో విషం ఒక్కో అవయవాన్నే ఎందుకు పడుతుందనే దానికి నాకు తెలిసిన సరైన సమాధానం ఇది: ఆ అవయవం చేసే పనే దానికి చేటు తెస్తుంది. కాలేయాన్ని తీసుకోండి. పేగుల నుంచి వచ్చే రక్తమంతా గుండెకు చేరకముందే కాలేయం గుండా వెళుతుంది. నూనెలో కరిగే ప్రతి రసాయనాన్నీ నీటిలో కరిగేలా మార్చి మూత్రంలోకి పంపడం దాని బాధ్యత. ఆ మార్పులో కొన్నిసార్లు అసలు పదార్థంకన్నా ప్రమాదకరమైన ముక్క పుడుతుంది. జ్వరానికి వేసుకునే పారాసెటమాల్‌లో చాలా భాగం హాని లేకుండానే పోతుంది. కొద్దిపాటి భాగం మాత్రం కాలేయంలో విషపు ముక్కగా మారుతుంది. దాన్ని పట్టి నిర్వీర్యం చేయడానికి గ్లూటాథయోన్ అనే నిల్వ సరుకు ఉంటుంది. మాత్రలు అతిగా పడితే ఆ సరుకు ఖర్చయిపోతుంది, అప్పుడు ఆ ముక్క కాలేయ కణాలనే కొరుకుతుంది. రోజూ సారా తాగేవాళ్ళకు, సరిగ్గా తినక చిక్కిపోయినవాళ్ళకు ఆ నిల్వ ముందే తక్కువ.

ఇక్కడ కూడా కాలం సంగతి గమనించండి. అతి మోతాదు పడిన మొదటి రోజు కొద్దిగా వికారం తప్ప ఏమీ ఉండదు. రెండో రోజు వికారం కూడా తగ్గి, మనిషి బాగున్నట్టే కనిపిస్తాడు. మూడో నాలుగో రోజున కళ్ళు పచ్చబడి, మాట తడబడి, రక్తం గడ్డకట్టక పడిపోతాడు. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే చక్కటి విరుగుడు ఉంది, కానీ అది మొదటి 8 గంటలలో ఇస్తేనే దాదాపు పూర్తిగా కాపాడుతుంది. మనిషి బాగున్నట్టు కనిపించే ఆ గంటలే దాన్ని ఇవ్వవలసిన గంటలు.

కాలేయం గురించి మాట్లాడుతూ మల్కన్‌గిరి పిల్లల సంగతి చెప్పకుండా దాటలేను. 2016లో సెప్టెంబరు నుంచి కొద్ది నెలల్లో ఆ జిల్లాలో 100 మందికి పైగా పిల్లలు మెదడు జ్వరం పేరుతో చనిపోయారు. కొందరిలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే వైరస్ జబ్బు బయటపడింది. కానీ మిగిలిన పిల్లల తీరు వేరుగా ఉంది. జ్వరం లేకుండానే వాంతులు, ఆ వెంటనే మూర్ఛ, ఒకటి రెండు రోజులలోనే మరణం. వైరస్‌ల నిపుణులు డాక్టర్ జాకబ్ జాన్ బృందం వచ్చి పరిశీలించి, పిల్లలు తిన్న బాణ చకుండా గింజలను అనుమానించింది. మనం కసివింద అనేది ఆ మొక్కనే. వానాకాలం తరువాత దారి పక్కన పచ్చటి కాయలతో గుబురుగా నిలబడి ఉంటుంది, ఆకలి వేసిన పిల్లవాడికి పెసరకాయలా కనిపిస్తుంది. అందులోని ఆంత్రాక్వినోన్‌లు అనే రసాయనాలు కాలేయాన్ని, కండరాలను, మెదడును ఒకేసారి కొడతాయి. కాలేయం దెబ్బతింటే రక్తంలో చక్కెర అడుగంటుతుంది. రాత్రి సరిగ్గా తినకుండా పడుకున్న, ముందే బక్కచిక్కిన బిడ్డకు కాలేయంలో చక్కెర నిల్వే ఉండదు. అదే గింజలు నాలుగు తిన్న బలమైన పిల్లవాడు బతికితే, పక్కింటి బలహీనమైన పిల్లవాడు పోవడానికి కారణం అక్కడ ఉంది. మోటు, కలిమెల, పోడియా వైపు ఉండే మనవాళ్ళు ఇళ్ళ చుట్టూ ఉన్న కసివిందను పువ్వు వేయకముందే పీకివేస్తే చాలు.

బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నలో పుట్టే అఫ్లాటాక్సిన్ కూడా కాలేయం చేతిలోనే అసలు విషంగా మారుతుంది. ఒకేసారి ఎక్కువ తింటే కామెర్లు, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తింటే కాలేయ క్యాన్సర్. బూజు గింజలను వేయించినంత మాత్రాన అది పూర్తిగా పోదు.

మూత్రపిండాల లెక్క ఇంకా విచిత్రమైనది. రెండూ కలిపి 300 గ్రాముల బరువు ఉంటాయి, ఒంటి బరువులో 200వ వంతు కూడా కాదు. అయినా గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా వాటికే వెళుతుంది. రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో నీటిని, ఉప్పును, చక్కెరను తిరిగి లాక్కుని, లీటరున్నరో రెండు లీటర్లో మూత్రంగా వదులుతాయి. ఆ లాక్కునే గొట్టాల లోపల నీరు తగ్గుతున్న కొద్దీ, మిగిలిపోయిన విషం గాఢత పెరుగుతూ పోతుంది. రక్తంలో పలుచగా ఉన్న పాదరసం, కాడ్మియం వంటివి అక్కడికి వచ్చేసరికి చిక్కబడి ఆ గొట్టాల కణాలను కాల్చివేస్తాయి. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు సిరప్ తాగిన 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అందులో కలిసిన డైఇథిలీన్ గ్లైకాల్ తీయగా ఉంటుంది. దాన్ని మన కాలేయమే ఒక ఆమ్లంగా మారుస్తుంది, ఆ ఆమ్లం మూత్రపిండాల గొట్టాలలో పేరుకుని వాటిని చంపుతుంది. తల్లులకు కనిపించిన మొదటి గుర్తు బిడ్డకు మూత్రం ఆగిపోవడం.

మన ప్రాంతంలో మూత్రపిండాలంటే అందరికీ ఉద్దానమే గుర్తుకు వస్తుంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట మనకు గడప అవతలే. అక్కడి జబ్బుకు కారణం ఇదేనని ఒక్క మాటలో ఇప్పటికీ తేలలేదు, అందుకే దాన్ని ఫలానా విషం ఖాతాలో నేను వేయను. కానీ తేలిన విషయం ఒకటుంది: ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేసి, ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ మాత్రలు కొని రోజూ వేసుకోవడం మూత్రపిండాలకు చేటు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వడపోసే గుచ్ఛంలోకి రక్తాన్ని తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచే రసాయనాన్నే ఈ మాత్రలు ఆపివేస్తాయి. మీ బావగారికి పిక్కల నొప్పికని ఇంట్లో ఎవరైనా అవి ఇస్తుంటే దయచేసి ఆపండి.

ఊపిరితిత్తుల విషయానికి వచ్చేసరికి నా గొంతు బరువెక్కుతుంది. పారాక్వాట్ అనే గడ్డిమందు రక్తంలోకి వెళ్ళాక, గాలితిత్తుల కణాలు తమకు కావలసిన పాలిఎమైన్లనే పోషకాలని పొరబడి దాన్ని లోపలికి లాక్కుంటాయి. రెంటి ఆకారం ఒకదానికొకటి దగ్గరగా ఉండటమే కారణం. అందుకే రక్తంలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఊపిరితిత్తులలో పేరుకుంటుంది. లోపల అది ఆక్సిజన్‌ను తీసుకుని, దాన్ని కణాల గోడలను కాల్చే రూపంలోకి మారుస్తూ, తాను మాత్రం ఖర్చు కాకుండా మళ్ళీ మళ్ళీ అదే పని చేస్తుంది. ఊపిరి ఆడని మనిషికి ఆక్సిజన్ పెట్టడం ఏ వైద్యుడికైనా చేతికి అలవాటైన పని. ఈ ఒక్క విషంలో తప్పనిసరి అయ్యేదాకా పెట్టకూడదు, అది నిప్పుకు గాలి ఊదినట్టవుతుంది.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక చిన్న ఆసుపత్రిలో ఉండగా, కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టిన గడ్డిమందును దాహానికి పొరపాటున తాగిన కుర్రవాణ్ణి తీసుకువచ్చారు. వెంటనే ఉమ్మేశానన్నాడు. నోట్లో, నాలుక మీద పుళ్ళు పడ్డాయి, అంతే. మూడో రోజు నడుస్తూ, నవ్వుతూ ఇంటికి పోతానన్నాడు. నేను పంపించాను. తొమ్మిదో రోజు మెట్లు ఎక్కలేక ఆయాసపడుతూ వచ్చాడు. రెండు వారాలు నిండేసరికి ఊపిరితిత్తులు మచ్చ కట్టిన తోలులా గట్టిపడి, స్పృహ చివరిదాకా ఉండగానే పోయాడు. ఆపి ఉంచి ఉంటే బతికేవాడని చెప్పలేను, ఎందుకంటే దానికి నేటికీ విరుగుడు లేదు. కానీ తల్లికి ముందుగా నిజం చెప్పవలసినవాణ్ణి నేను. బాగున్నాడని చెప్పి పంపాను. అప్పటి నుంచి ఏ విషం కేసులోనూ "బాగున్నాడు" అనే మాట రాయకుండా, ఎన్నో రోజో, ఏ అవయవం కోసం ఎదురుచూస్తున్నామో రాయడం అలవాటు చేసుకున్నాను. 2019లో సంబల్‌పూర్ పక్కనున్న బుర్లా వైద్య కళాశాల డాక్టర్లు ఈ మందును నిషేధించమని ఆందోళనకు దిగినప్పుడు, వాళ్ళ బాధ నాకు పూర్తిగా అర్థమైంది. కేరళ 2011లోనే దాన్ని ఆపింది. మీ ఇంట్లో ఉంటే సొంత డబ్బాలోనే, తాళం వేసిన చోట ఉంచండి. మనసు కష్టంలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే అసలు ఇంటికే తేవద్దు. అలాంటివాళ్ళు 14416 అనే టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.

కల్తీ సారాలో ఉండే మిథనాల్ కథ కాలేయం కథను పోలినదే. తాగినప్పుడు మామూలు మత్తే. కాలేయం దాన్ని నెమ్మదిగా ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అందుకు అర రోజో ఒక రోజో పడుతుంది. ఆ ఆమ్లం కణాలు ఆక్సిజన్‌ను వాడుకోకుండా అడ్డుపడుతుంది. ఎక్కువ శక్తి కావలసిన కంటినరం ముందుగా చచ్చుబడుతుంది. 1992లో కటక్‌లో 200 మందికి పైగా ప్రాణాలు తీసినది ఇలాంటి సారానే. తాగిన మరునాడు మంచు కురిసినట్టు మసకగా కనిపిస్తోందని ఎవరన్నా అంటే, అది తాగుడు దిగని మైకమని పడుకోబెట్టకూడదు.

గుండెను పట్టేవి తక్కువే గానీ తొందరవి. ధాన్యంలో పెట్టే సెల్ఫాస్ మాత్ర తేమ తగిలితే ఫాస్ఫీన్ వాయువును వదులుతుంది. అది గుండె కండరంలో శక్తి పుట్టే చోటును ఆపుతుంది. మాత్రలు పెట్టిన గదిలోనో, పక్క గదిలోనో ఎవరూ పడుకోకూడదు. పచ్చగన్నేరు గింజ గుండె లయను తప్పిస్తుంది. ఒడియా ఇళ్ళలో లాగానే మన ఇళ్ళలోనూ ఆవనూనె వాడకం ఉంది కనుక ఇది కూడా చెబుతాను: ఆవాలలో బ్రహ్మదండి గింజలు కలిసిన నూనె తింటే సన్నటి రక్తనాళాలు వదులై నీరు కారి, ముందు కాళ్ళు వాచి, తరువాత గుండె అలిసిపోతుంది. 1998లో ఢిల్లీలో అలా 60 మందికి పైగా పోయారు. ఇంట్లో ఒకరికి కాదు, అందరికీ ఒకేసారి కాళ్ళు వాస్తే నూనెను అనుమానించండి.

దెబ్బతిన్న అవయవం తిరిగి వస్తుందా అన్నది దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. కాలేయానికి తిరిగి పెరిగే గుణం ఉంది, గండం దాటితే చాలామందిలో మామూలైపోతుంది. మూత్రపిండాల గొట్టాల కణాలు కూడా, కింది పొర మిగిలి ఉంటే, కొన్ని వారాల డయాలసిస్ తరువాత కొత్తగా మొలుస్తాయి. ఊపిరితిత్తులలో కట్టిన మచ్చ మాత్రం పోదు. మెదడులో చచ్చిన కణం రాదు. కాళ్ళలోని నరపు తీగ మొదలు బతికి ఉంటే రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోకాలి నుంచి పాదానికి ఎంత దూరమో కొలుచుకుంటే, మీ బావగారికి ఏడాది దాకా ఓపిక ఎందుకు కావాలో మీకే తెలుస్తుంది.

పరీక్షలు బాగున్నాయని అన్నారు కదా, దాని అర్థం కూడా చెబుతాను. క్రియాటినిన్ అనే పరీక్ష మూత్రపిండాల వడపోత శక్తి దాదాపు సగం పోయేదాకా మామూలుగానే కనిపించవచ్చు. ఎస్‌జీపీటీ అనే కాలేయ పరీక్ష అంకె కాలేయ కణాలు పగిలినప్పుడు పెరుగుతుంది గానీ, పగలడానికి కణాలే మిగలనప్పుడు తగ్గుతుంది కూడా, కనుక అంకె తగ్గిందని సంతోషించే ముందు రక్తం గడ్డకట్టే సమయం కూడా చూడాలి. ఈ రెండు పరీక్షలకూ నరాలతో సంబంధమే లేదు. మీ బావగారి పాదాలకు కావలసింది నరాలలో విద్యుత్తు ఎంత వేగంగా నడుస్తుందో కొలిచే పరీక్ష. రక్తంలో చక్కెర, బీ12, థైరాయిడ్ కూడా చూడమని అడగండి. ఆసుపత్రిలో మొదట ఇచ్చిన చీటీ, అందులో కోలినెస్టరేజ్ అంకె రాసి ఉంటే అది, మందు డబ్బా ఫొటో, ఏ తేదీన కొట్టారో, ఏ తేదీన పాదాలు మొద్దుబారడం మొదలైందో ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. ఆ రెండు తేదీల మధ్య ఎన్ని రోజులున్నాయన్నదే డాక్టరు మొదట అడిగే ప్రశ్న.

ఇకముందు మీ ఊరిలో మందు కొడుతూ ఎవరైనా పడిపోతే ఉప్పునీళ్ళు, పేడనీళ్ళు తాగించి కక్కించకండి. స్పృహ సరిగ్గా లేని మనిషి కక్కినది ఊపిరితిత్తులలోకి పోతుంది, కిరోసిన్ కలిసిన మందులైతే అక్కడ మంట పెడుతుంది. బట్టలన్నీ, మొలతాడుతో సహా తీసివేసి, తల వెంట్రుకలు, గోళ్ళ సందులు, గజ్జలు సబ్బుతో కడగండి. కడిగేవాళ్ళు చేతులకు పాలిథీన్ సంచులు తొడుక్కోవాలి. ఎడమ పక్కకు ఒత్తిగిలించి పడుకోబెట్టి, మందు డబ్బాను మనిషితోపాటే బండిలో పెట్టండి. నరాల డాక్టరు ఏమన్నారో తెలిసిన తరువాత ఇక్కడే రాయండి, వ్యాయామం ఎలా మొదలుపెట్టాలో అప్పుడు వివరంగా చెబుతాను.